గాలి గడప

"జర ఆగు బేటా, తిప్పకు," అంటూ అబ్దుల్ బారీ గాలి గొట్టం మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

శాంతి చక్రం మీద చెయ్యి అట్లాగే ఉంచి ఊపిరి బిగబట్టింది. యంత్రం నడుస్తున్నప్పుడు బారీ కళ్లతో చూడడు. భూపాలపల్లిలో ముప్పయ్యేళ్లు బొగ్గు బాయిలోకి గాలి పంపే పెద్ద ఫ్యాను దగ్గర ఫిట్టరుగా చేసి వచ్చిన మనిషాయె. ఎదురుగా కంప్యూటర్ మీద ఎన్ని గీతలు ఎగిరిపడుతున్నా, ఆయన అరచెయ్యి ఏం చెబితే అదే ఆయనకు లెక్క.

"ఏమన్న వినొస్తాందా చాచా?"

"గదే గద పరేషాన్. ఏం వినొస్తలేదు. నలభై రెండు దాటినమా?"

"ముప్పై తొమ్మిదిల ఉన్నం."

"యా అల్లా!" అని బారీ కళ్లు తెరిచాడు.

నలభై రెండు అంటే ఆ షెడ్డులో అందరికీ హడలు. జనగామ నుంచి లింగాల ఘనపూర్ పోయే తోవలో ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీ వెనక, రేకుల షెడ్డులో, విమానం ఇంజిన్ ముందు తిరిగే ఫ్యానుకు చిన్న నమూనా ఒకటి గొట్టంలో బిగించి ఉంది. అసలుది మనిషి కంటే ఎత్తుంటుంది, ఇది మూరెడు. పద్దెనిమిది రెక్కలు. ఒక్కో రెక్కకు మొదట్లో ఎంత వంపుండాలి, కొసకు పోతూ ఎంత మెలి తిరగాలి అన్న లెక్కంతా శాంతిది. గొట్టం చివర మూతను చక్రంతో కొద్దికొద్దిగా మూస్తూ పోతే దాని గీత అంకె తగ్గుతుంది, ఫ్యానుకు అందే గాలీ తగ్గుతుంది. తగ్గి తగ్గి, ఒకచోట గాలి రెక్కను పట్టుకోలేక విడిచేస్తుంది. ఫ్యాను ఉక్కిరిబిక్కిరై గుర్రుమంటుంది. దాన్ని ఇంజినీర్లు స్టాల్ అంటారు, బారీ గురక అంటాడు. గురక ఎంత ఆలస్యంగా వస్తే ఫ్యాను అంత మంచిదన్నట్టు. మూత ముప్పై నాలుగో గీతకు వచ్చేదాకా రాకూడదని శాంతి లెక్క. ఎనిమిది నెలల నుంచి మొండి గొడ్డులాగా అది నలభై రెండు దగ్గరే ఆగిపోతున్నది.

వచ్చే మంగళవారం హైదరాబాదు నుంచి కంపెనీ వాళ్లు వస్తున్నారు. అప్పటికీ నలభై రెండే అయితే శాంతి గీసిన వంపును పక్కన పడేసి షెడ్డుకు తాళం వేస్తారు. ఆమె కొలువూ బారీ కొలువూ ఆ తాళంతోనే సరి.

ఇప్పుడేమో దసరా తెల్లారి, శుక్రవారం పూట, అదే ఫ్యాను గమ్మున తిరుగుతున్నది. శాంతి చక్రం తిప్పింది. ముప్పై ఎనిమిది. ముప్పై ఆరు. ముప్పై ఐదు. సరిగ్గా ముప్పై నాలుగు మీదికి వచ్చేసరికి గొట్టం ఒక్కసారి వణికి గుర్రుమన్నది.

"గురకొచ్చింది చాచా, గురకొచ్చింది!" అని శాంతి ఎగిరి గంతేసింది. గురక విని అంత సంబరపడిన మనిషిని బారీ తన అరవై మూడేళ్లలో చూడలేదు.

షెడ్డు ఊడ్చి తుడిచే యాకమ్మ చీపురు పట్టుకునే తలుపు దగ్గరికి వచ్చింది. "ఏందే బిడ్డా, నీ ఫ్యాను మాటిన్నదా?"

"విన్నదవ్వా! లెక్క ఎట్ల జెప్పిందో గట్లనే విన్నది!"

"వినకేం జేస్తది," అని యాకమ్మ తన టిఫిను తెరిచి, రోజూలాగే తన కోసం తెచ్చుకున్న జొన్నరొట్టె కాక ఇంకొకటి తీసి, అందులో ఎల్లిపాయ కారం పెట్టి శాంతి చేతిలో పెట్టింది. నలుగురిలో 'మేడం' అని పిలిచినా, షెడ్డులో మటుకు శాంతి ఆమెకు బిడ్డే.

అనుకోకుండా వచ్చిన మంచి ఫలితాన్ని ముందు అనుమానించాలని చదువు చెబుతుంది. శాంతి ఆ రోజు చదువు మాట వినలేదు. రొట్టె నములుతూనే ఆ గ్రాఫును కంపెనీకి పంపేసింది. ఆపైన గార్ల దగ్గరి తండాలో ఉన్న తల్లి మంగ్లీకి ఫోను కొట్టింది. మంగ్లీ అంతా విని, తమ భాషలో, "మంచిదే గాని, మనింట్లో ఫ్యాను గడగడ కొట్టుకుంటున్నది, మళ్లొచ్చినప్పుడు దాన్ని కూడా చూసిపో," అన్నది.

*

శనివారం పొద్దున డిపార్ట్‌మెంటు పెద్ద కుమార్ సారు వచ్చాడు. మంచివాడే, కాని మంగళవారం దగ్గరపడేకొద్దీ ముళ్ల మీద కూర్చున్నట్టున్నాడు. రెక్క కొసకూ గొట్టానికీ నడుమ అర మిల్లీమీటరు సందు సరిగ్గా ఉందో లేదో తానే చూస్తానని, గొట్టం పక్కనున్న చిన్న తలుపు విప్పించి టార్చి వేశాడు.

"ఇదేంది?"

శాంతి వంగి చూసింది. గాలి ముందుగా తాకే అంచు పొడుగునా, ప్రతి రెక్కకూ, వేలెడు వెడల్పున పసుపు పూసి ఉంది. ఆ పసుపు మీద కుంకుమ బొట్లు, మూడేసి.

నేల తుడుస్తున్న యాకమ్మ లేచి నిలబడింది. "నేనే పెట్టిన సారు. బుధవారం ఆయుధపూజ గద. అన్ని మిషన్లకు పెట్టినం, దీనికి ఒక్కదానికి పెట్టకపోతె మంచిగుండదని..."

"దీనికి పెట్టమని ఎవరు జెప్పిన్రు నీకు? దీని మీద వెంట్రుక వడ్డా లెక్క మారిపోతది, తెల్సా? శాంతీ, నిన్నటి రీడింగులు ఈ ఖరాబు మీదనే తీసినవా? కంపెనీకి పంపినవా? నీకు తెల్వదా?"

"తెల్వదు సార్," అన్నది శాంతి. అది నిజమే. ఆ నిజం తర్వాత ఇంకో మాట అనడానికి చోటుండె. ఆమె కావాలని చెయ్యలేదు సార్, ఏటా అందరం చేసేదే సార్ అనొచ్చు. శాంతి అనలేదు. పంపేసిన గ్రాఫు, కంపెనీ, తాళం, ఇవే ఆమె కళ్ల ముందు తిరుగుతున్నాయి.

"కార్డు ఇటియ్యి," అన్నాడు కుమార్ సారు యాకమ్మతో. "సోమవారం నుంచి రావొద్దు."

యాకమ్మ గుడ్డ పిండి తీగ మీద ఆరేసింది. బకెట్టు బోర్లించింది. చేతులు కొంగుకు తుడుచుకుని, మెడలో ఉన్న కార్డును కొప్పుకు తగలకుండా మెల్లగా పైకి తీసి ఆయన చేతిలో పెట్టింది. పోయేముందు శాంతి దిక్కు ఒకసారి చూసింది. అందులో కోపం లేదు. ఎవరన్నా ఏమన్నా అంటారేమోనని చూసిన చూపు. ఎవరూ ఏమీ అనలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

సారు పోయినాక బారీ గుడ్డకు థిన్నరు అంటించుకుని ఒక్కో రెక్కా తుడవడం మొదలుపెట్టాడు. అది అంత సులువుగా రాలేదు. గోటితో గీకాల్సి వచ్చింది.

"నిన్న పొద్దుగాల సందు కొలిచేటప్పుడే జూసిన బేటా," అన్నాడు తలెత్తకుండా. "మా బాయి ఫ్యానుకు గూడ ప్రతి దసరాకు పెడ్తుండిరి. తుడిస్తె ఆమె మనసు నొస్తదని ఊకున్న. ఇందాక నేను గూడ నోరు తెరవకపోతిని. ముసలోన్ని, నాకేం భయముండె చెప్పు?"

మధ్యాహ్నం కిటికీ దగ్గర యాకమ్మ టిఫిను కనబడింది. గాబరాలో మరిచిపోయి పోయినట్టుంది. విప్పితే లోపల రెండు రొట్టెలు. రెండోది ఎవరికో శాంతికి తెలుసు. మూత పెట్టేసి, బయటికి పోయి కుళాయి కింద చాలాసేపు మొహం కడుక్కున్నది.

తుడిచిన రెక్కలతో మళ్లీ నడిపారు. నలభై రెండు దగ్గర గొట్టం గుర్రుమన్నది.

శాంతి స్టూలు మీద కూలబడింది. కాసేపటికి ఆమె పెదవులు కదిలాయి, ఆ వెనక చెయ్యి కాగితం వెతుక్కున్నది. "చాచా, మనం ఎంత పిచ్చోళ్లం! అసలు ఫ్యాను పెద్దది, జోరుగా తిరుగుతది. దాని రెక్క మీద గాలి ఎప్పుడూ అల్లకల్లోలంగనే ఉంటది, గందుకే రెక్కను అంటిపెట్టుకొని ఉంటది. గీ చిన్నదాని మీద గాలి మెత్తగ జారుకుంటొచ్చి నడుమనే విడిచిపెడ్తాంది. అంచుకు గరుకు తాకిస్తె చిన్నదాని మీద గూడ కలబడ్తది, పెద్దదాని లెక్కనే నడుస్తది. నా వంపుల తప్పు లేదు. మన నమూనా అబద్ధం జెప్తుండె. యాకమ్మవ్వ పసుపు పూసినాక నిజం జెప్పింది!"

బారీ వెంటనే పోయి దుకాణంలో పసుపూ కుంకుమా పట్టుకొచ్చాడు. శాంతి తడిపి పూసింది. స్విచ్చి వేసిన రెండు నిమిషాలకు పసుపంతా ఎగిరి గొట్టం చివరి ఇనుప జాలీకి కొట్టుకుంది. జిగురుతో కలిపి పూస్తే ఆరి నున్నగా తేలింది, గురక నలభై ఒకటికి వచ్చింది. పసుపు ఒక్కటే కాదు, ఇంకేదో కలిపింది. ఏం కలిపిందో ఆ యాకమ్మకే ఎరుక.

*

ఒకరి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. ఆదివారం బయలుదేరేముందు శాంతి ఆ టిఫిను కడిగి పట్టుకుని గదంతా వెతికింది. పెట్టడానికి ఏమీ దొరకలేదు. పండుగనాడు తల్లి బంగారమని కొంగున కట్టి ఇచ్చిన జమ్మి ఆకు ఒక్కటే ఉంది, కొంచెం వాడింది. దాన్నే పెట్టి మూత బిగించింది.

ఘనపూర్ దాటి నాలుగు కిలోమీటర్లు పోతే యాకమ్మ ఊరు. వాకిట్లో గోనెపట్టా మీద కూర్చుని మక్క కంకులు ఒలుస్తున్నది. శాంతిని చూసి లేవలేదు, పొమ్మననూ లేదు. "కూసో," అన్నది. శాంతి కింద కూర్చుని తానూ ఒక కంకి తీసుకుంది. ఒకరు ఒలిచిన గింజలు ఒకరి గింజల్లో కలుస్తూ పోయాయి.

"తప్పయింది అవ్వా."

"ఏం తప్పు?"

"నిన్న నేను మాట్లాడకపోతి."

"అవు, మాట్లాడలే," అన్నది యాకమ్మ. పోనీలే అంటుందని శాంతి అనుకున్నది. యాకమ్మ అనలేదు. "సారన్నందుకు నాకు బాధ లేదు. ఆయన భయం ఆయనది. నువ్వేమన్న అంటవేమో అని జూసిన బిడ్డా. ఆటో ఎక్కినంక గూడ, ఎనుకనుంచి పిలుస్తవేమో అని తిరిగి జూసిన."

శాంతికి దుఃఖం ఆగలేదు. కంకి పక్కన పెట్టి, ఏడుస్తూనే టిఫిను ముందుకు జరిపింది. యాకమ్మ మూత తీసి లోపలికి చూసింది.

"పండుగ పోయి మూడొద్దులాయె. గిప్పుడా బంగారం దెచ్చుడు?" అన్నది. కాని ఆ ఆకు తీసి కళ్లకద్దుకుని, రెండో చేత్తో శాంతి తల దగ్గరికి లాక్కుని తన భుజానికి ఆనించుకున్నది. "ఊకో. మొఖమంత ఉబ్బింది. రాత్రి బువ్వ గూడ తినకపోయి ఉంటవు."

కొంచెం తెప్పరిల్లాక శాంతి అన్నది, "ఇంకోటుందవ్వా. చెప్పాలంటే సిగ్గయితాంది."

"అంటే పనుండే వచ్చినవన్నట్టు," అని యాకమ్మ నవ్వింది. "చెప్పు, చెప్పు."

శాంతి చెప్పింది. నలభై రెండు, ముప్పై నాలుగు, గరుకు, గాలి. యాకమ్మ చేతులు ఆపకుండానే విన్నది.

"పోయినేడు పాత ఫ్యానుకు ఉత్త పసుపే పెట్టిన. స్విచ్చి ఎయ్యంగనే ఎగిరిపోయింది, గోడంత నేనే కడిగిన. అందుకని ఈపాలి తుమ్మబంక నానబెట్టి, పసుపుల సన్నటి బియ్యం రవ్వ గలిపిన. గరుకుంటె పట్టుకుంటది గద. ఒక్కో రెక్క చేత్తోని మెల్లగ తిప్పుకుంట, పద్దెనిమిదిటికి పూసిన."

"అంచుకే ఎందుకు పూసినవవ్వా? నడుమ బొట్టు పెడితె అయిపోవు గద?"

యాకమ్మ ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూసింది. "గడప గాదె! ఇంట్లకు లక్ష్మి వచ్చే కాడ గడపకు పూస్తం. దాని లోపటికి గాలొచ్చేది ఆడికెల్లేనాయె."

నాలుగేళ్లు చదివి, ఎనిమిది నెలలు తిప్పిన చక్రం శాంతి కళ్ల ముందు ఒకసారి తిరిగింది.

"అయితే గిది అమ్మోరి మహిమ కాదంటవా?" అడిగింది యాకమ్మ.

"కాదవ్వా. రవ్వ పని."

"మంచిదే. అమ్మోరు జేస్తె అమ్మోరికి దండం వెడ్తరు. గిది నేను జేసిందన్నట్టు." ఆ మాట ఆమెకు నచ్చింది. లేచి లోపలికి పోయి, కాగితంలో తుమ్మబంక ముక్కలు కట్టుకొచ్చి ఇచ్చింది. "పూసుకో పో. రవ్వ శిటికెడు తక్కువైనా మంచిదే, ఎక్కువ గావొద్దు."

"నువ్వు రా అవ్వా. సారుతోని మాట్లాడి నీ కార్డు నేను తెచ్చిస్త."

"నువ్వు తెస్తె నాకొద్దు," అన్నది యాకమ్మ, చాలా మామూలుగా. "నువ్వు తీసుకోలే గద. తీసుకున్నాయన ఇయ్యాలె."

*

సోమవారం శాంతి తానే పూసింది. కొన్నిచోట్ల మందమైంది, కొన్నిచోట్ల పలచనైంది. అయినా ముప్పై ఆరు దాకా గురక రాలేదు. కుమార్ సారు అంతా విని, రెండుసార్లు నడిపించి, మొహం వెలిగిపోయి, "శభాష్! మన ల్యాబు కనిపెట్టిందని రేపు చెప్దాం," అన్నాడు. యాకమ్మ సంగతి ఎత్తితే, "గదంత ఇప్పుడెందుకమ్మా, కంపెనీ వాళ్లను పోనియ్యి," అని ఫోను తీసుకుని బయటికి పోయాడు.

మంగళవారం కంపెనీ నుంచి ముగ్గురు వచ్చారు. వాళ్లలో పెద్దావిడ తస్లీమా మేడం, ఇంజిన్ల పనిలోనే జుట్టు నెరిసిన మనిషి. ఫ్యాను నడిచినంతసేపూ లెక్కల కాగితం మీదే చూపు పెట్టింది. ముప్పై ఆరు దగ్గర గురక వచ్చాక దాన్ని మడిచి, "వంపు బాగుంది. ముందుకు పోదాం," అన్నది. కుమార్ సారు గట్టిగా ఊపిరి వదిలాడు. బారీ గోడ దిక్కు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. తాళం తప్పింది.

"ఒక్క సంగతి," అన్నది తస్లీమా మేడం. "మీరు శుక్రవారం పంపిన దాంట్లో ముప్పై నాలుగు ఉంది. అది ఇంతకంటే బాగుంది. ఆ రోజు ఈ పూత ఎవరు పూశారు?"

"మా టీమే మేడం," అన్నాడు కుమార్ సారు.

శాంతి ఆయన వంక చూసింది. ఆమె కొలువు ఏటేటా ఆయన సంతకంతోనే సాగుతుంది. ఇప్పుడు ఊరుకుంటే ఎవరికీ ఏ నష్టమూ లేదు, వాకిట్లో మక్కలు ఒలిచే ఒక్క మనిషికి తప్ప. గొట్టం పట్టుకున్నది.

"యాకమ్మ పూసింది మేడం. ఈ షెడ్డు ఊడుస్తది. పూజ అని పూసింది, కాని ఎగిరిపోవద్దని రవ్వ కలిపింది, గాలొచ్చే అంచు చూసి పూసింది. రెక్కలు ఖరాబు చేసిందని శనివారం ఆమెను తీసేసినం. అప్పుడు నేను ఇక్కన్నే ఉన్న. నోరు తెరవలే."

కుమార్ సారు మొహం కందగడ్డైంది. తస్లీమా మేడం ఆయన్ను చూడలేదు, గడియారం చూసుకున్నది.

"మా రైలుకు ఇంకా మూడు గంటలుంది. ఆమె వస్తుందా?"

"నేను తోలుకొస్త!" అని బారీ అప్పటికే స్కూటరు తాళం కోసం జేబులు తడుముకుంటున్నాడు.

గంట తర్వాత యాకమ్మ వచ్చింది. గేటు దగ్గర కార్డేదని అడిగితే బారీ ఏం చెప్పాడో గాని లోపలికి రానిచ్చారు. ఆమె ఎవరికీ వంగలేదు, ఎవరి మీదా మూతి ముడవలేదు. కాళ్లూ చేతులూ కడుక్కుని, శాంతి తుడిచి ఉంచిన రెక్కలు చూసి, గిన్నెలో బంక, పసుపు, రవ్వ కలుపుకున్నది. చిన్న తలుపులోంచి చెయ్యి పెట్టి, ఎడమచేత్తో ఫ్యానును ఒక్కో రెక్కా తిప్పుకుంటూ, కుడిచేతి ఉంగరపు వేలితో కింది నుంచి పైకి ఒకే ఈడ్పున పూస్తున్నది. తస్లీమా మేడం పక్కనే వంగి చూస్తున్నది. శాంతి స్కేలు పెట్టి ఒక్కో పూత వెడల్పూ కొలిచి పుస్తకంలో రాసుకుంటున్నది. అన్నీ ఒక్కటే కొలత.

పద్నాలుగో రెక్క అయ్యేసరికి వెనక ఎవరో దగ్గారు. కుమార్ సారు. ఆఫీసుకు పోయి వచ్చినట్టున్నాడు, ఎండకు చెమట పట్టింది. చేతిలో కార్డు.

"యాకమ్మా, ఇగో. నీ కార్డు."

యాకమ్మ తిరిగి చూసింది. రెండు చేతులూ మణికట్టు దాకా పసుపు. వాటిని పైకెత్తి చూపించింది.

"చేతులు మంచిగ లేవు సారు. మెడల ఎయ్యుండ్రి," అని తల కొంచెం వంచింది.

ఆయన ఒక్క క్షణం అట్లాగే నిలబడ్డాడు. అందరూ చూస్తున్నారు. తర్వాత కార్డు పట్టీని రెండు చేతులా విప్పి పట్టుకుని, ఆమె తల మీదుగా దించాడు. అది కొప్పుకు చిక్కుకున్నది. శాంతి చెయ్యి సాయం పోబోయి ఆగిపోయింది. ఆయనే వంగి, వెంట్రుకలు లాగకుండా మెల్లగా విడదీసి, మెడలో సరిగ్గా పడేలా వేశాడు.

"తప్పైందమ్మా," అన్నాడు, యాకమ్మకూ శాంతికీ మాత్రమే వినబడేంత మెల్లగా.

"మంచిది సారు," అన్నది యాకమ్మ. "జర పక్కకు జరుగుండ్రి, వెలుతురుకు అడ్డమున్నరు."

ఆయన జరిగాడు. యాకమ్మ మళ్లీ గిన్నెలో వేలు ముంచింది. ఇంకా నాలుగు రెక్కలకు గడప పూయాల్సి ఉంది.